బయట నిలబడి వినే పాట

మా పాప పాడిన ర్యాప్ పాటలో నా గొంతు ఉంది. ఆ పాటను మా ఊళ్లో ఎవరూ ఇంట్లో పెట్టుకొని వినరు. వినాలనిపిస్తే సెల్లు తీసుకొని బయటికి వస్తారు. ఒకామె గోడకు ఆనుకొని నిలబడి వింటుంది. ఇంకొకామె గొడ్లపాక దాకా పోయి వింటుంది. మా పక్కింటి వదిన అయితే వీధి దాటి దిబ్బ మీదికి ఎక్కి, అక్కడ నిలబడి విని, మళ్లీ ఇంట్లోకి వచ్చేముందు కాళ్లు కడుక్కుంటుంది. టౌనులో పిల్లలు బస్సుల్లోనూ హాస్టళ్లలోనూ పెట్టుకొని వింటున్నారని పాప చెప్తుంది. వాళ్లకు తెలియదు కాబట్టి వింటారు. మా వాళ్లకు తెలుసు. అది శోకం. శవం లేని ఇంట్లో శోకం వినపడకూడదు.

ఈ సంగతి రాయమని పాప, దాని స్నేహితులు చాలా రోజులుగా అడుగుతున్నారు. నేను చదివింది ఐదో తరగతి. అది కూడా శనక్కాయలు పీకే కాలం వస్తే బడి మానేసి, మళ్లీ పోయి, ఎట్లనో అయిందనిపించిన చదువు. ఇంత పొడుగు రాయడం నాకు ఇదే మొదలు. రాసింది చదివితే ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య గుంటలు కనపడుతున్నాయి. చదివేవాళ్లు సర్దుకోవాలి.

మాది రాప్తాడు దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. మా అమ్మ శోకం పెట్టడంలో పేరున్న మనిషి. ఎవరైనా చనిపోతే ముందు బంధువులకు చెప్పి, తర్వాత మా ఇంటికి మనిషిని పంపేవాళ్లు. నన్ను కూడా వెంట తీసుకొని పోయేది. చిన్నప్పుడు నేను అమ్మ పక్కన కూర్చొని, ఆమె కొంగు పట్టుకొని, ఆమె నోటి వైపే చూసేదాన్ని.

శోకం పెట్టడమంటే ఊరికే ఏడవడం కాదు. శవం పక్కన కూర్చొని, పోయిన మనిషిని పేరుతో కాదు, వరసతో పిలుస్తూ, వాళ్ల బతుకు మొత్తం చెప్పుకుంటూ పోవాలి. ఎక్కడ పుట్టింది, ఏం తిన్నది, ఏం తినలేకపోయింది, ఎవరు చూసుకున్నారు, ఎవరు చూసుకోలేదు. రాగం ఉంటుంది గానీ అది మాట వెనక నడుస్తుంది. ఊపిరి అయిపోయే చోట ఆగి, గుండె మీద కొట్టుకొని, మళ్లీ ఎత్తుకోవాలి. రాసుకొని పోయేది కాదు, అక్కడికక్కడ వచ్చేది. మరిచిపోయినవాటిని చుట్టూ కూర్చున్న ముసలివాళ్లు అందిస్తారు. ఎద్దు చచ్చిపోయిన సంగతి చెప్పలేదే, కూతురి కాన్పు సంగతి చెప్పలేదే అని మెల్లగా గుర్తు చేస్తారు. అందిస్తే అమ్మ ఎత్తుకునేది. అట్లా అన్నీ చెప్పించుకుంటేనే పోయినవాళ్లు తృప్తిగా పోతారని మా నమ్మకం. ఎవరూ ఏడవకుండా శవాన్ని లేపరు.

ఇంకొకటి కూడా ఉంది. శవం ముందర ఆడది శోకంలో ఏమన్నా ఎవరూ పట్టించుకోకూడదు. అంటే వింటారు, అందరూ వింటారు, కానీ తర్వాత దాని మీద తగువు పెట్టుకోరు. ఒకసారి మా ఊరి పెద్ద ఆసామి ఇంట్లో ముసలామె పోయింది. మా వాళ్లంతా తరతరాలుగా ఆ ఇంట్లో కూలి చేసినవాళ్లే. అప్పట్లో కూలి గింజలుగా ఇచ్చేవాళ్లు. ఆ ముసలామె తానే శేరుతో కొలిచేది. కొలిచేటప్పుడు బొటనవేలు శేరు లోపల పెట్టుకునేది. అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేరు. ఆ రోజు అమ్మ ఆమె పక్కన కూర్చొని ఆమె మంచితనం అంతా చెప్పింది. పిల్లలకు జ్వరం వస్తే మజ్జిగ పోసిందని, కాన్పులకు పాత చీరలు ఇచ్చిందని చెప్పింది. చెప్పి చెప్పి, అదే రాగంలో, ఆమె చెయ్యి పట్టుకొని అన్నది:

"ఈ ఏలు ఎన్ని గింజలు తినిందో నా తల్లీ... ఇప్పుడు దాని ఆకలి తీరిందా నా తల్లీ..."

కొడుకులు తల వంచుకున్నారు. నాకు భయమేసి అమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా శవాన్ని ఎత్తేముందు పెద్ద కొడుకు వచ్చి అమ్మకు నీళ్లు ఇచ్చాడు. తర్వాత ఆ ఇంట్లో కొలత మారిందా అంటే నాకు గుర్తు లేదు. చెప్పడం మాత్రం జరిగింది. ఊరంతా విన్నది.

అమ్మ పోయినప్పుడు శోకం నేను పెట్టాను. అప్పటికి మా పాపకు మీసాల తాత, గాజుల తాత అని ఊళ్లో మనుషులను గుర్తుపట్టే వయసు. నా పక్కనే కూర్చుని ఉంది. అది గుర్తు పెట్టుకుంటుందని నేను అనుకోలేదు.

ఇక చీనీ చెట్ల సంగతి చెప్పాలి. బత్తాయిని మా వైపు చీనీ అంటాము.

నన్ను ఇచ్చింది కూడా ఈ ఊళ్లోనే. మాకు ఉన్నది కొంచెం మెట్ట. దాంట్లో శనక్కాయ వేస్తే వాన వచ్చిన ఏడు వచ్చినట్టు, రాని ఏడు పోయినట్టు. పాప బడికి పోయే వయసులో మా ఆయన బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి. చీనీ మొక్కలు తెచ్చి పెట్టాము. చీనీ చెట్టు తొందరగా కాపుకు రాదు. ఏండ్ల తరబడి పిల్లలను సాకినట్టు సాకాలి. పాదులు తవ్వడం, ఎరువు వేయడం, డ్రిప్పు పైపుల్లో మన్ను పడితే ఊది తీయడం అన్నీ మా ఆయనే చేసుకునేవాడు. ఆయన మాట తక్కువ మనిషి. ఇంట్లో కంటే తోటలో ఎక్కువ మాట్లాడతాడని నేను ఎగతాళి చేసేదాన్ని. గట్టు దగ్గర చెట్టు మొదటిసారి కాసినప్పుడు ఒక కాయ కోసి, మేము తినకుండా, పాపకు వొలిచి పెట్టాడు.

మూడు నాలుగు కాపులు చూశామో లేదో బోరు ఎండిపోయింది. ఇంకో చోట వేయించాము. దుమ్ము లేచింది. మా పొలానికి కొంచెం అవతలనే కాలువ పోతుంది. ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోయే నీళ్లు. నిలబడితే చప్పుడు వినపడుతుంది. కాలువ గట్టు మీద పెద్ద కమతం ఉన్నవాళ్లు మోటర్లు పెట్టుకొని పైపులు వేసుకున్నారు. అందరూ చూస్తూనే ఉంటారు. మేము కూడా పక్క పొలమాయనతో కలిసి ఒక పైపు వేశాము. వారం తిరక్కుండా ఆఫీసు వాళ్లు జీపులో వచ్చి మా పైపు ఒక్కటి కోసేసి, ఇంకోసారి వేస్తే కేసు పెడతామని చెప్పి పోయారు. పెద్ద మోటర్లు అట్లనే నడుస్తున్నాయి. జీపు వాటి పక్క నుంచే పోయింది.

రెండు ఎండాకాలాలు ట్యాంకరుతో నీళ్లు తోలాము. నా చెవి కమ్మలు దానికే పోయాయి. ట్యాంకరు దారి లేని చోటికి బిందెలతో మోశాము. మొదట ఆకు ముడుచుకుంది, తర్వాత కొమ్మలు పై నుంచి ఎండుకుంటూ వచ్చాయి. చీనీ చెట్టు ఒక్కసారి చావదు. ఒక కొమ్మ ఎండితే ఇంకో కొమ్మకు ఇగురు వేసి ఆశ పెడుతుంది. ఆ ఇగురు చూసి ఇంకో ట్యాంకరు తోలుతాము. చివరికి ఇగురు కూడా ఆగిపోయింది.

ఊళ్లో అందరూ ఎండిన తోటలు కొట్టించి బొగ్గుల బట్టీ వాళ్లకు ఇచ్చేశారు. మా ఆయన కొట్టించలేదు. ప్రతిరోజూ పొద్దున సంగటి తిని తోటకు పోయేవాడు. ఎండిన చెట్ల మధ్యన కూర్చొని మధ్యాహ్నానికి వచ్చేవాడు. అక్కడ చేసే పని ఏమీ లేదు. డ్రిప్పు పైపులు కూడా అట్లనే ఉన్నాయి. పలకరిస్తే ఊ అనడం, అన్నం పెడితే తినడం. అట్లా రెండేండ్లకు పైనే గడిచింది.

మా ప్రాంతంలో అట్లా మాట మానేసిన మగవాళ్లు ఏమయ్యారో మేము చూశాము. అందుకే ఒకరోజు ఆయన తోటకు పోయాక, చెట్లకు కొట్టగా మిగిలిన పురుగుల మందు డబ్బా తీసుకొని పోయి పక్కింటి వదిన ఇంట్లో పెట్టాను. వదిన దాన్ని అటక మీద, పాత గోతాల వెనక పెట్టింది. ఎలుకల మందు కూడా ఇంట్లో ఉంచలేదు. ఆయన తోట నుంచి రావడం కొంచెం ఆలస్యమైతే నేను చేతిలో పని వదిలేసి గట్టు దాకా పోయి చూసి వచ్చేదాన్ని. ఏమి చూసుకోవడానికి వచ్చినావని ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఈ మధ్యలోనే పాప ఇంటర్ అయిపోయి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరింది. హైవే మీద బస్సు వచ్చి ఎక్కించుకుంటుంది. అక్కడ రాయదుర్గం వైపు నుంచి వచ్చిన పిల్లలు, కదిరి వైపు పిల్లలు కలిసి ఉంటారు. సగం కన్నడం, సగం తెలుగు. తీరిక దొరికితే మెట్ల కింద కూర్చొని ర్యాప్ పాడతారంట. సెల్లులో చూసి నేర్చుకున్నారు. ఒక పిల్ల టిఫిన్ డబ్బా మీద దరువు వేస్తుంది, మా పాప మాటలు కడుతుంది.

మొదటిసారి ఇంట్లో పాడి వినిపించినప్పుడు పక్కింటి వదిన తలుపు దగ్గరే నిలబడిపోయింది. పాప ఎవరితోనో కొట్లాడుతోందని అనుకొని వచ్చింది.

"ఏమప్పా, ఇది పాటనా, తగువా?" అని అడిగింది.

"రెండూ అత్తా," అంది పాప.

నాకు మాత్రం అది కొత్తగా అనిపించలేదు. పాప ఫ్యాక్టరీ గురించి పాడింది. గంటకు ఇన్ని కాలర్లు కుట్టాలని ఎట్లా అరుస్తారో, నీళ్లు తాగితే బయటికి పోవాల్సి వస్తుందని పిల్లలు గొంతు తడుపుకోకుండా ఎట్లా కూర్చుంటారో చెప్పింది. రాగం కోసం ఆగలేదు. ఎదురుగా ఎవరో ఉన్నట్టు నువ్వు, నువ్వు అని పిలుస్తూ పోయింది. ఊపిరి అయిపోయే చోట ఆగి, మళ్లీ ఎత్తుకుంది. నేను చాట పక్కన పెట్టి దాని నోటి వైపు చూశాను. చిన్నప్పుడు మా అమ్మ నోటి వైపు చూసినట్టే.

నేను దానికి చెప్పాను. ఇది నువ్వు సెల్లులో నేర్చుకున్నానని అనుకుంటున్నావు గానీ, మన ఇంట్లో ఉన్నదే అని. శేరులో బొటనవేలు సంగతి కూడా అప్పుడే చెప్పాను. అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మళ్లీ చెప్పమంది. శవం ముందర ఏమన్నా తగువు లేదన్న మాటను ఇంకోసారి చెప్పించుకుంది.

కొన్ని వారాలకు కాలువ మీద పాట కట్టుకొని వచ్చింది. దాంట్లో నాకు గుర్తున్న మాటలు ఇవి:

కాలవ పోతాంది కళ్ల ముందరే
కడవ ముంచితే కేసు ముందరే
నీది మోటరు, నాది నోరు
నీది పారుతాది, ఎండింది నా బోరు
నీ మోటరు ఆపరు, నా నోరు ఆపుతారు

బాగుంది అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. కోపం ఉంది గానీ దుఃఖం లేదంట. దుఃఖం లేని కోపాన్ని జనం ఒకసారి విని పోతారంట. అప్పుడు అడిగింది.

"అమ్మా, అవ్వ పోయినప్పుడు నువ్వు శోకం పెట్టినావే, అట్లాంటిది ఒకటి కావల్ల నాకు. పాట మధ్యలో నీ గొంతు పెడతా."

లోపల మా ఆయన పడుకొని ఉన్నాడు.

"నోరు మూసుకో పాపా," అన్నాను. "ఇంట్లో మీ నాయన ఉండాడు."

దానికి అర్థం కాలేదు. కాకపోవడం దాని తప్పు కాదు. శోకం ఉత్తినే పెట్టేది కాదని, నేర్చుకోవడానికి కూడా ఇంట్లో పాడకూడదని, పెడితే ఆ ఇంట్లో నుంచి ఒకరిని పిలిచినట్టేనని చెప్పాను. మా అమ్మ కూడా నాకు ఎప్పుడూ ఇంట్లో నేర్పలేదు. చావు ఇండ్లలో కూర్చొనే నేర్చుకున్నాను. వేరే ఇంట్లో అయితే ఇది పాత నమ్మకమని నవ్వుకొని పెట్టేదాన్నేమో. మందు డబ్బా పక్కింట్లో దాచిపెట్టుకున్న ఇంట్లో ఎట్లా పెడతాను?

పాప మళ్లీ మళ్లీ అడిగింది. నేను కూడా గట్టిగానే కసిరాను. శవం ఉంటేనే శోకం, లేకుంటే లేదు, ఇంక అడగొద్దు అన్నాను.

అది మెల్లగా అంది.

"తోటలో ఉండాయి గదమ్మా, అన్ని శవాలు."

బట్టలు తీసుకొని ఉతకడానికి పోయాను. ఉతుకుతున్నంతసేపు అదే మాట. కూలికి పోయినా అదే మాట. చెట్లు చచ్చిపోయాయని మా ఇంట్లో అంతవరకు ఎవరూ నోటితో అనలేదు. తోట ఎండింది అనేవాళ్లం. ఎండిందంటే వాన వస్తే పచ్చబడుతుందన్నట్టు ఉంటుంది. చచ్చింది అంటే వేరు. శవం ఉంది, ఎవరూ ఏడవలేదు, అందుకే లేపలేదు. మా ఆయన రోజూ పోయి కూర్చునేది శవం పక్కన కూర్చున్నట్టే కదా అని నాకు అప్పుడు తోచింది. ఏడ్చేవాళ్లు వస్తారని ఎదురుచూస్తూ కూర్చున్నట్టు.

ఆ పక్క ఆదివారం ఆయన అనంతపురంలో బంధువుల ఇంట్లో పనికి పోవాల్సి ఉంది. పొద్దున బస్సుకు బయలుదేరాడు. నేను పాపను పిలిచి, సెల్లు తీసుకొని రా అన్నాను. ఇద్దరమూ తోటకు పోయాము. నేను జుట్టు విప్పుకోలేదు, బొట్టు తీయలేదు. అవి మనుషులు పోయినప్పుడు చేసేవి. చెట్లకు ఏమి చేయాలో ఎవరూ చెప్పలేదు.

గట్టు దగ్గర చెట్టు కింద కూర్చున్నాను. పాప కొంచెం దూరంగా సెల్లు పట్టుకొని నిలబడింది. నోరు రాలేదు. శోకం పెట్టడం వచ్చిన మనిషికి కూడా మొదలు దొరకాలి. చావు ఇంట్లో అయితే జనం ఉంటారు, కాళ్లు కనపడతాయి, ముఖం కనపడుతుంది. ఇక్కడ ఉత్త కట్టెలు. పాదులో మన్ను గట్టిపడిపోయి ఉంది. నేను చెయ్యి పెట్టి ఆ మన్ను తవ్వబోయాను. వేరు చేతికి తగిలింది. ఎండిపోయిన వేరు కాలువ వైపుకే పోయి ఉంది. అప్పుడు వచ్చింది.

ఎండలో పెట్టి పోతిరే నా తల్లులారా...
పాదు పాదుకూ బిందె మోస్తిమే నా తల్లులారా...
కాలవ సప్పుడు ఇనుకుంటా
దప్పికతో పోతిరే నా తల్లులారా...

అట్లా ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మొక్కలు తెచ్చిన రోజు నుంచి చెప్పుకుంటూ వచ్చాను. పైపు కోసిన వాళ్లను కూడా పిలిచాను. మీ ఇంట్లో పిల్లలు చీనీకాయ అడిగితే ఎక్కడి నుంచి తెస్తారయ్యా అని అడిగాను. నా గొంతుకు నాకే ఆశ్చర్యం. అమ్మ పోయినప్పుడు కూడా అంత పొడుగు ఊపిరి రాలేదు.

ఊపిరి కోసం ఆగినప్పుడు వెనక నుంచి మాట వినపడింది.

"ట్యాంకరు సంగతి చెప్పలేదే నువ్వు."

మా ఆయన. బస్సు తప్పిపోయి వెనక్కి వచ్చాడంట. ఎప్పుడు వచ్చాడో మాకు తెలియదు. చేతిలో సంచి అట్లనే ఉంది. శోకం పెడుతుండగా ఇంటి మగమనిషి ఎదురు రావడం కంటే చెడ్డ శకునం మాకు లేదు. లేద్దామని చూశాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు, చావు ఇండ్లలో ముసలివాళ్లు కూర్చున్నట్టు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని.

నేను ట్యాంకరు సంగతి ఎత్తుకున్నాను. నా కమ్మల సంగతి ఎత్తుకున్నాను. ఆగినప్పుడల్లా ఆయన ఒకటి అందించాడు. ఈ చెట్టు మొదటి కాయ పాపకు పెట్టిన సంగతి, వడగండ్లు పడితే పొద్దున్నే వచ్చి రాలిన పిందెలు ఏరిన సంగతి. నేను ఎప్పుడూ వినని సంగతులు కూడా ఉన్నాయి. ఎండిపోయిన తర్వాత కూడా ఒక ఏడు ఆయన నాకు తెలియకుండా తాను తాగే సీసా నీళ్లు సగం ఈ గట్టు చెట్టుకే పోసేవాడంట. అది సగంలో ఆపాడు. దాన్ని నేను రాగంలో ఎత్తుకున్నాను. పాప సెల్లు దించలేదు.

ఇంటికి వచ్చి ముగ్గురమూ తల మీద నీళ్లు పోసుకున్నాము. అట్లా చేయాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

పాట తయారై వచ్చినప్పుడు విన్నాను. బయట, గొడ్లపాక దగ్గర నిలబడి విన్నాను. ముందుగా ఆయన గొంతే వస్తుంది, ట్యాంకరు సంగతి చెప్పలేదే నువ్వు అని. వెంటనే పాప ఎత్తుకుంటుంది:

చెప్తా నాయనా, ట్యాంకరు సంగతి చెప్తా
అమ్మ కమ్మలు నీళ్లయి పారిన సంగతి చెప్తా
చెట్టుకు బిందె, మనకు చెంబు
దప్పిక ఎవురికంటే అందరం గమ్ము

మధ్యలో నా శోకం. తర్వాత కాలువ, మోటర్లు, కోసేసిన పైపు. అది ఎట్లనో చేతులు మారి సెల్లు సెల్లుకూ పోయింది. మా ఊళ్లో చీనీ తోటలు పోగొట్టుకున్న ఇండ్లు చాలా ఉన్నాయి. వాళ్ల ఆడవాళ్లు వచ్చి, మా చెట్లకు కూడా ఏడ్చినట్టు ఉందమ్మా అని చెప్పి పోయారు. ఇంట్లో పెట్టుకోవద్దని నేనే చెప్పాను. చెప్పకపోయినా పెట్టుకునేవాళ్లు కాదు.

ఒకరోజు మోటర్ల ఆసామి బండి మీద వచ్చి మా గుమ్మం దగ్గర ఆగాడు. మా ఆయన లోపల ఉన్నాడు. నేను బయటికి వచ్చాను.

"ఏమ్మా, మీ పాప మమ్మల్ని తిడతాందంటనే సెల్లులో?" అన్నాడు.

ఆయన పొలంలోనే నేను ఇప్పటికీ కూలికి పోతాను. అయినా అమ్మ గుర్తొచ్చింది.

"తిట్టేది కాదన్నా, ఏడ్చినాం. చెట్లు చచ్చిపోయినాయి గదా. ఏడ్చేదానికి గూడా ఎవురినన్నా అడగాల్నా?"

ఆయన కూడా ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. శేరులో వేలు పెట్టి కొలిచిన ఆ ముసలామె ఈయన తల్లే. ఆమె పోయినప్పుడు ఈయన కుర్రవాడు, అన్న వెనక తల వంచుకొని నిలబడినవాడు. శవం ముందర అన్న మాటకు ఏమి చేయాలో ఏమి చేయకూడదో ఆయనకు తెలుసు. నీళ్లు ఇమ్మని తాగి పోయాడు. నన్ను కూలికి రావద్దని అనలేదు. మోటర్లు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. పాట వల్ల కాలువ మా వైపు తిరిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. చెప్పడం జరిగింది. అంతే.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఆయన తానే పోయి కట్టెల మనిషిని పిలుచుకొని వచ్చాడు. కోత మిషను పెట్టేముందు తానే డ్రిప్పు పైపులన్నీ తీసి చుట్టలు చుట్టాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. మళ్లీ ఏడుస్తానేమో అనుకున్నాడేమో, నా వైపు చూసి, ఏడ్చేసినాం గదమ్మే ఇంక, అన్నాడు. చెట్లు పడుతుంటే చూస్తూ ఉన్నాము. సాయంత్రానికి మా పొలం ఒక చివర నుంచి ఇంకో చివరకు కనపడింది. దాని అవతల కాలువ గట్టు కూడా కనపడింది. అంత దగ్గరని మరిచిపోయాము.

వాన పడగానే కంది వేశాడు. బాగానే మొలిచింది. పూతకు వచ్చే ముందు పురుగు కనపడింది. ఆ రోజు పొద్దున ఆయన స్ప్రేయరు దులిపి కడుగుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"పక్కింట్లో ఉండాది గదా మందు డబ్బా. పోయి ఎత్తుకొని రా."

ఎప్పటి నుంచి తెలుసని అడగలేదు. అది పాతదై పోయి ఉంటుంది, కొత్తది తెద్దామా అన్నాను. మూత తీసి చూస్తేనే గదా తెలిసేది అన్నాడు.

వదిన ఇంటికి పోయాను. ఆమె అటక ఎక్కి, గోతాలు పక్కకు జరిపి, డబ్బా దించి, దాని మీద దుమ్ము కొంగుతో తుడిచి నా చేతికి ఇచ్చింది. నేను దాన్ని పట్టుకొని వీధిలో నడుచుకుంటూ ఇంటికి తెచ్చాను.